కాలము - పని... మధ్యలో మనిషి!

ఏ పని ముందు, ఏ పని తర్వాత అని రాసుకున్నంత మాత్రాన ప్రణాళిక అయిపోదు. ఆ పని ఎవరు చేస్తారు, ఎంతసేపు చేస్తారు, ఆ సమయానికి వాళ్లు ఖాళీగా ఉంటారా అన్నది కూడా తేలాలి. ఇల్లు కట్టినా, మెట్రో వేసినా, సాఫ్ట్‌వేర్ రాసినా గడువులు చాలాసార్లు తప్పేది అక్కడే. ఆ చిక్కుముడిని విప్పడానికి పుట్టిన సాఫ్ట్‌వేర్ల కథ ఇది. వాటి గీతల వెనక ఉండే మనుషుల కథ కూడా!

ఒక గోడ కట్టడానికి అయిదుగురు మేస్త్రీలకు పదిరోజులు పడుతుంది. అదే గోడను పదిమంది ఎన్ని రోజుల్లో కడతారు?

ఏడో తరగతి పిల్లాడైనా ఠక్కున చెప్పేస్తాడు... అయిదు రోజులని. యాభైమందిని పెడితే? ఒక్కరోజు. అయిదొందల మందైతే? గంటలోపే!

లెక్కల పుస్తకంలో 'కాలము - పని' పాఠం అలాగే ఉంటుంది. అందులో మేస్త్రీలకు జ్వరం రాదు. ఇసుక లారీ ఆలస్యం కాదు. గోడ పక్కన అయిదొందల మంది నిలబడటానికి చోటుందా అన్న అనుమానం రాదు. అన్నిటికన్నా ముఖ్యం... ఆ మేస్త్రీలకు పక్క వీధిలో ఇంకో గోడ ఉండదు!

నిజజీవితంలో ఉంటుంది. ఒకే సెంట్రింగ్ బృందం మూడు ఇళ్లకు మాటిస్తుంది. ఒకే ఇంజినీరు రెండు ప్రాజెక్టుల్లో ఉంటాడు. ఒకే క్రేన్ కోసం నాలుగు పనులు ఎదురుచూస్తుంటాయి. కాగితం మీద అన్ని పనులకూ తేదీలుంటాయి. ఆ తేదీన చేయాల్సిన మనిషే ఉండడు.

ఈ సమస్యను పట్టుకుని నూరేళ్లకుపైగా ఇంజినీర్లూ గణిత శాస్త్రవేత్తలూ కుస్తీ పడుతున్నారు. దాన్ని తేల్చడానికే ప్రైమవెరా, మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ లాంటి సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. ఆనకట్టల నుంచి ఆసుపత్రి భవనాల వరకూ ఇవాళ పెద్ద పనులెన్నో వాటి తెరమీదే ముందుగా పూర్తవుతాయి... ఆ తర్వాతే నేలమీద.

గీతలతో మొదలు

పోలెండ్‌కు చెందిన కరోల్ ఆడమియెట్‌స్కీ అనే ఇంజినీరు 1896లో ఒక పట్టిక తయారుచేశాడు. ఫ్యాక్టరీలో ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో, దేనికోసం ఏది ఆగాలో అందులో కనిపించేది. దానికి 'హార్మనోగ్రామ్' అని పేరు పెట్టాడు. బయటి ప్రపంచానికి మాత్రం అది చాలాకాలం తెలియలేదు. ఆ తర్వాత అమెరికా ఇంజినీరు హెన్రీ గాంట్ 1910ల్లో గీసిన అడ్డపట్టీల పటం లోకమంతా పాకిపోయింది. ఎడమవైపు పనుల జాబితా, పైన తేదీలు, ఒక్కో పనికి ఒక్కో పట్టీ. ఇప్పటికీ ఏ ప్రాజెక్టు సాఫ్ట్‌వేర్ తెరిచినా మొదట కనిపించేది ఆ గాంట్ చార్టే.

తర్వాతి మలుపు 1950ల చివర్లో వచ్చింది. జలాంతర్గామి నుంచి ప్రయోగించే పొలారిస్ క్షిపణి కోసం అమెరికా నౌకాదళం 1958 నాటికి 'పెర్ట్' అనే పద్ధతిని సిద్ధం చేసింది. దాదాపు అదే సమయంలో డ్యూపాంట్ అనే రసాయనాల సంస్థకు చెందిన మోర్గాన్ వాకర్, రెమింగ్టన్ ర్యాండ్ కంప్యూటర్ నిపుణుడు జేమ్స్ కెల్లీ కలిసి 'క్రిటికల్ పాత్' పద్ధతిని కనిపెట్టారు. యూనివాక్ కంప్యూటర్ మీద ఆ లెక్కలు చేశారు.

రెండింటి సారాంశం ఒకటే. ప్రాజెక్టులో వందల పనులున్నా గడువును నిర్ణయించేది వాటిలో ఒక గొలుసే. పునాది, గోడలు, స్లాబు, ప్లాస్టరింగ్, టైల్స్, రంగులు... ఇలా ఒకదాని తర్వాత ఒకటిగా సాగే అతిపొడవైన దారి అది. ఆ దారిలో ఒక్కరోజు ఆలస్యమైతే గృహప్రవేశం ఒక్కరోజు వెనక్కి జరుగుతుంది. దారిలో లేని పని, అంటే గేటుకు రంగు వేయడం లాంటిది, నాలుగు రోజులు ఆలస్యమైనా ఫర్వాలేదు. ఆ వెసులుబాటును 'ఫ్లోట్' అన్నారు.

అంతా బాగానే ఉంది. కానీ ఈ పద్ధతుల్లో ఒక గుట్టు దాగి ఉంది. పని మొదలయ్యే సమయానికి మనుషులూ యంత్రాలూ ఎంతమంది కావాలంటే అంతమంది, ఎన్ని కావాలంటే అన్ని సిద్ధంగా ఉంటాయని అవి అనుకున్నాయి. ఆ పొరపాటు తొందరగానే తెలిసొచ్చింది. 1960ల తొలినాళ్లలోనే తేదీలతోపాటు మనుషులనూ లెక్కలోకి తెచ్చే పద్ధతుల కోసం వెతుకులాట మొదలైంది. మొదట పెద్ద కంపెనీల కంప్యూటర్ గదులకే పరిమితమైన ఈ లెక్క 1980ల్లో బల్లమీదికి దిగింది. ప్రైమవెరా సంస్థ 1983లో మొదలైంది (2008లో దాన్ని ఒరాకిల్ కొనేసింది). మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ తొలిరూపం 1984లో వచ్చింది.

ఒక ఇల్లు... ఆరుగురు మేస్త్రీలు

ఇంతకీ ఈ సాఫ్ట్‌వేర్లు చేసేదేమిటి? ఒక చిన్న ఉదాహరణ చూద్దాం.

ఇంటి లోపల ప్లాస్టరింగుకు ఆరుగురు మేస్త్రీలు పదిరోజులు పనిచేయాలి. ప్రహరీగోడకు నలుగురు ఆరు రోజులు చేయాలి. ప్లాస్టరింగ్ అయ్యాక టైల్స్ వాళ్లు వచ్చి ఎనిమిది రోజులు పనిచేస్తారు. తడపడం, ఆరడం లాంటివి కాసేపు పక్కన పెడితే మొత్తం పద్దెనిమిది రోజులు.

తేదీలే చూస్తే ప్లాస్టరింగ్, ప్రహరీ రెండూ మొదటిరోజే మొదలుపెట్టొచ్చు. అడ్డేమీ లేదు. కానీ అప్పుడు మొదటి ఆరు రోజులూ రోజుకు పదిమంది మేస్త్రీలు కావాలి. చేతిలో ఉన్నది ఆరుగురే! సాఫ్ట్‌వేర్‌లో ఈ వివరాలు ఎక్కించగానే 'మేస్త్రీలు' అన్న వరస ఎర్రగా మారిపోతుంది. ఉన్న శక్తికి మించి పని అప్పగించారన్న హెచ్చరిక అది.

పరిష్కారం? ప్రహరీని పదకొండో రోజుకు జరపడమే. అప్పటికి ప్లాస్టరింగ్ అయిపోయి మేస్త్రీలు ఖాళీ అవుతారు. లోపల టైల్స్ వాళ్లు పనిచేస్తుంటే బయట నలుగురు ప్రహరీ కడతారు. పదహారో రోజుకు గోడ పూర్తి. మొత్తం గడువు పద్దెనిమిది రోజులు అలాగే ఉంది, ఒక్క మనిషిని అదనంగా పిలవలేదు! వెసులుబాటు ఉన్న పనిని జరిపి, గడువు మారకుండా ఒత్తిడిని పరిచేశారన్నమాట. దీన్ని 'స్మూతింగ్' అంటారు.

అన్నిసార్లూ ఇంత సులువుగా కుదరదు. టైల్స్ కూడా ఆ ఆరుగురిలో నలుగురే వేయాలనుకోండి. అప్పుడు ప్రహరీకి మిగిలేది ఇద్దరే. ఎనిమిది రోజుల్లో వాళ్లు మూడింట రెండొంతుల గోడే కట్టగలరు. టైల్స్ అయ్యాక మిగతావాళ్లూ వచ్చి చేయి వేస్తే మరో రెండు రోజులు. గడువు ఇరవై రోజులకు చేరుతుంది. మనుషులు ఇంతేనన్న పరిమితిని అంగీకరించి తేదీని జరపడం ఇది. దీని పేరు 'లెవెలింగ్'.

తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ ప్రతి ప్రాజెక్టులోనూ అసలు ప్రశ్న ఇదే... ఏది కదలాలి? తేదీనా, మనుషుల సంఖ్యా? రెండూ కదలకూడదని పట్టుబడితే మూడోది కదులుతుంది. అది నాణ్యతైనా కావచ్చు, పనిచేసేవారి ఆరోగ్యమైనా కావచ్చు.

మనుషుల సంఖ్యతో నిమిత్తంలేని పనులూ ఉంటాయి. స్లాబు పోశాక కనీసం ఏడు రోజులు తడపాలి. బ్లెండెడ్ సిమెంటైతే పది రోజులు. కూలీలను రెట్టింపు చేసినా కాంక్రీటు త్వరగా గట్టిపడదు. అందుకే సాఫ్ట్‌వేర్ ప్రతి పనికీ ముందు ఒక ప్రశ్న వేస్తుంది... ఇది మనుషులను పెంచితే తగ్గే పనా, ఎంతమంది ఉన్నా తగ్గని పనా? మేస్త్రి అనుభవంతో చెప్పే సంగతినే అది అంకెల్లో అడుగుతుందన్నమాట.

గంట... తాబేలు... రెండు మూపులు

సాఫ్ట్‌వేర్లు మామూలుగా వేసుకునే లెక్క ఒకటుంది. పదిరోజుల పని అంటే రోజుకు ఎనిమిది గంటల చొప్పున పదిరోజులూ ఒకేలా చేస్తారని. ఎనభై గంటలు పదిరోజులకు సమంగా పరిచేస్తుంది. పటం గీస్తే బల్లపరుపుగా ఉంటుంది.

కానీ ఏ మనిషి అలా పనిచేస్తాడు? మొదటిరోజు విషయం అర్థం చేసుకోవడానికే సరిపోతుంది. మధ్యలో ఊపందుకుంటుంది. చివర్లో దిద్దుబాట్లు, అప్పగింతలు. అందుకే మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో పనిని కాలంమీద పరచడానికి ఎనిమిది ఆకారాలు సిద్ధంగా పెట్టారు. బల్లపరుపు ఒకటి. నెమ్మదిగా పెరిగి, నెమ్మదిగా తగ్గే 'గంట' ఆకారం ఇంకొకటి. త్వరగా పెరిగి, మధ్యలో ఎక్కువకాలం నిండుగా సాగేది 'తాబేలు'. మొదట్లోనే భారమంతా ఉండేది, చివర్లో భారమంతా పడేది, ముందు శిఖరం, వెనక శిఖరం, జంట శిఖరాలు... ఇవి మిగతా అయిదు.

మన చుట్టూ చూస్తే ఇవన్నీ కనిపిస్తాయి. ఇంటి ప్లాను గీసే ఆర్కిటెక్టు పని ముందే ఎక్కువ. తర్వాత అప్పుడప్పుడూ వచ్చి చూసుకుంటే చాలు. పరీక్షలకు చదివే విద్యార్థిది చాలావరకు వెనక శిఖరం. వరిసాగులో కూలీల అవసరం జంట శిఖరాలు... నాట్లప్పుడు ఒకటి, కోతలప్పుడు ఒకటి. మధ్యలో కలుపుతీత లాంటి పనులు.

ఆకారం మారితే ఏమవుతుంది? ఇక్కడే ఉంది కిటుకు. పదిరోజుల బల్లపరుపు పనికి 'గంట' ఆకారం ఇస్తే సాఫ్ట్‌వేర్ దాన్ని ఇరవై రోజులు చేసేస్తుంది! మొదటి రెండు రోజులూ ఆ మనిషి సమయంలో పదిశాతమే ఈ పనికి. తర్వాత రెండ్రోజులు ఇరవై శాతం. ఆపైన నలభై, ఎనభై, నూరు... మళ్లీ నూరు నుంచి ఎనభై, నలభై, ఇరవై, పదికి దిగుతుంది. సగటు వేస్తే యాభైశాతం. అంటే అవే ఎనభై గంటల పనికి రెట్టింపు రోజులు. తాబేలు ఆకారంలో సగటు డెబ్భైశాతం కాబట్టి పద్నాలుగు రోజులు దాటుతుంది. ముందు భారం, వెనక భారం ఆకారాల్లో సగటు అరవైశాతం. దాదాపు పదిహేడు రోజులు.

పని పెరగలేదు. మనిషి మారలేదు. పని జరిగే తీరును నిజాయతీగా రాసుకున్నారంతే! 'పదిరోజుల్లో అయిపోతుందన్నారు, ఇరవై రోజులైనా అవలేదేం' అని ఆఫీసుల్లో వినిపించే ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇదే. ఎనభై గంటల పని అని చెప్పినవాడు అబద్ధమాడలేదు. రోజుకు ఎనిమిది గంటలూ ఆ పనికే దొరుకుతాయనుకున్నవాళ్ల లెక్కే తప్పింది.

ముగ్గురికీ ఆలస్యమే!

ఒకే మనిషికి మూడు పనులుంటే? ఎవరినీ నొప్పించకుండా రోజుకొకటి చొప్పున వంతులవారీగా చేస్తే పోతుందనిపిస్తుంది. చూడటానికి అది న్యాయంగానే ఉంటుంది. లెక్క వేసి చూడండి.

ఒక్కోటి పదిరోజుల పని. ఒకటి పూర్తిచేశాకే ఇంకోటి మొదలుపెడితే మొదటిది పదోరోజుకు, రెండోది ఇరవయ్యో రోజుకు, మూడోది ముప్పయ్యో రోజుకు అవుతాయి. రోజుకొకటి చొప్పున తిప్పితే? మొదటిది ఇరవై ఎనిమిదో రోజుకు, రెండోది ఇరవై తొమ్మిదో రోజుకు, మూడోది ముప్పయ్యో రోజుకు! మూడోవాడికి ఒక్కరోజు కూడా కలిసిరాలేదు. మొదటి ఇద్దరూ మాత్రం నష్టపోయారు. ఒక పని వదిలి మరో పనిలోకి మనసు మళ్లడానికి పట్టే సమయం కలిపితే ముగ్గురూ నష్టపోయినట్లే.

ఇల్లు కట్టించుకునేవారికి ఇది అనుభవమే. మేస్త్రి సోమవారం వస్తాడు. మంగళ, బుధ కనిపించడు. గురువారం మళ్లీ వచ్చి 'పని నడుస్తూనే ఉంది కదండీ' అంటాడు. నిజమే, నడుస్తూనే ఉంటుంది. మూడుచోట్లా నడుస్తుంటుంది, ఎక్కడా పూర్తికాదు. అద్దె ఒకపక్క, బ్యాంకు వాయిదా మరోపక్క కట్టుకుంటూ ఇంటి యజమాని ఎదురుచూస్తుంటాడు.

డబ్బు విషయంలోనూ అంతే. ఒక అపార్టుమెంటు కోసం కట్టించుకున్న సొమ్మును మరో స్థలం కొనడానికి మళ్లిస్తే మొదటి భవనం మధ్యలో ఆగిపోతుంది. 2016లో వచ్చిన స్థిరాస్తి నియంత్రణ చట్టం 'రెరా' ఇక్కడే ముకుతాడు వేసింది. కొనుగోలుదారుల నుంచి తీసుకున్న సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు పేరిట ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. పని ఎంతవరకు అయిందో ఇంజినీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువీకరించాకే ఆ మేరకు తీసుకోవాలి. ఏ వనరు, ఏ పనికి, ఎప్పుడు అన్న లెక్కను చట్టమే రాసిపెట్టిందన్నమాట.

మనుషుల్ని పెంచితే?

గడువు దగ్గరపడింది. పని వెనకబడింది. 'ఇంకో పదిమందిని వేయండి' అంటారు పైవాళ్లు. గొయ్యి తవ్వడానికైతే సరే. సాఫ్ట్‌వేర్ రాయడానికో?

ఐబీఎంలో 1960ల్లో ఓఎస్ 360 అనే భారీ సాఫ్ట్‌వేర్ తయారీకి సారథ్యం వహించిన ఫ్రెడ్ బ్రూక్స్ ఆ అనుభవంతో 1975లో ఒక పుస్తకం రాశాడు. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో కొత్తవాళ్లను చేరిస్తే అది మరింత ఆలస్యమవుతుందన్నది అందులోని ముఖ్యమైన సూత్రం. ఎందుకంటే కొత్తవాళ్లకు పని నేర్పాల్సింది పాతవాళ్లే. నేర్పుతున్నంతసేపూ వాళ్ల పని ఆగుతుంది. పైగా మనుషులు పెరిగేకొద్దీ మాటలూ పెరుగుతాయి. అయిదుగురున్న బృందంలో ఇద్దరిద్దరి మధ్య మాట్లాడుకునే జతలు పది. పదిమందైతే నలభై అయిదు. ఇరవైమందైతే నూట తొంభై! మనుషులు నాలుగు రెట్లు పెరిగితే మాటలు పంతొమ్మిది రెట్లు పెరిగాయి.

అలాగని గడువును విచ్చలవిడిగా పెంచినా లాభం లేదు. ఎంత సమయం ఇస్తే పని అంతవరకూ సాగుతుందని బ్రిటిష్ రచయిత పార్కిన్సన్ 1955లోనే చమత్కరించాడు. శెలవుల్లో ఇచ్చిన హోంవర్కును పిల్లలు ఎప్పుడు పూర్తిచేస్తారో తెలిసిన ఏ తల్లికైనా ఇది కొత్త సంగతి కాదు.

కంప్యూటర్‌కూ కొరుకుడుపడదు

ఇన్ని లెక్కలు చేసే కంప్యూటర్ ఉత్తమమైన ప్రణాళికను ఇట్టే చెప్పేయొచ్చు కదా? చెప్పలేదు! పది పనులను ఒకదాని తర్వాత ఒకటిగా పేర్చడానికే 36,28,800 దారులున్నాయి. పదకొండో పని చేరితే అవి పదకొండు రెట్లవుతాయి. పన్నెండోది చేరితే దానికి పన్నెండు రెట్లు. పరిమితమైన మనుషులతో తక్కువ కాలంలో ముగిసే క్రమాన్ని కనుక్కోవడం గణితంలో అతి కఠినమైన సమస్యల కోవలోకి వస్తుందని 1983లో నిరూపించారు. పరిశోధకులు తమ పద్ధతులను పరీక్షించుకోవడానికి 1990ల్లో జర్మనీలోని కీల్ విశ్వవిద్యాలయంలో నమూనా ప్రాజెక్టుల సంపుటి ఒకటి తయారైంది. వాటిలో అరవై పనులే ఉన్న కొన్ని లెక్కలు కూడా ఏళ్ల తరబడి పూర్తిగా తేలలేదు.

అందుకే సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఒక ఉజ్జాయింపు పద్ధతిని అనుసరిస్తాయి. వెసులుబాటు తక్కువున్న పనికి ముందు పీట వేయడం, ప్రాధాన్యం ఎక్కువున్న పనిని కదపకపోవడం... ఇలాంటి నియమాలతో మంచి జవాబును వెతుకుతాయి. అదే అత్యుత్తమమన్న హామీ ఉండదు. అనుభవమున్న ప్లానింగ్ ఇంజినీర్లు మీట నొక్కి ఊరుకోకుండా, సాఫ్ట్‌వేర్ జరిపిన తేదీలను ఒక్కొక్కటిగా సరిచూసుకునేది అందుకే.

మన దేశంలో...

సాఫ్ట్‌వేర్ లేని రోజుల్లోనూ ఈ లెక్క పండించినవాళ్లున్నారు. 1964 డిసెంబరులో వచ్చిన తుపానుకు రామేశ్వరం వెళ్లే పాంబన్ రైలు వంతెన కొట్టుకుపోయింది. బాగుచేయడానికి ఆరు నెలలు పడుతుందని రైల్వే అనుకుంది. పై అధికారి మూడు నెలలే గడువిచ్చారు. ఆ పని చూసిన యువ ఇంజినీరు ఇ.శ్రీధరన్ 46 రోజుల్లో పూర్తిచేశారు. అక్కడ అసలు కొరత మనుషులు కాదు, గర్డర్లు. కొత్తవి చేయించి తెప్పించేసరికే నెలలు గడిచిపోతాయి. అందుకే సముద్రంలో పడిపోయిన గర్డర్లను పైకి తీయించి మళ్లీ వాడారు. ఏ వనరు దగ్గర పని ఆగిపోతుందో ముందు దాన్ని పట్టుకోవడం... ఇవాళ్టి సాఫ్ట్‌వేర్లు చెప్పేదీ అదే. తర్వాతి కాలంలో ఆయన సారథ్యంలోనే నడిచిన ఢిల్లీ మెట్రో పనుల్లో, గడువుకు ఇంకా ఎన్ని రోజులుందో చూపే గడియారాలు వేలాడదీసేవారు.

2019 జనవరిలో పోలవరం స్పిల్‌వే దగ్గర ఇరవై నాలుగు గంటల్లో 32 వేల ఘనపు మీటర్లకుపైగా కాంక్రీటు పోసి గిన్నిస్ రికార్డు సాధించారు. సిమెంటు, కంకర, మంచునీళ్లు, మిక్సర్ లారీలు, షిఫ్టులవారీ కార్మికులు... అన్నీ ఒకే రోజుకు ఒకేచోటికి చేరాలి. ఒక్కటి తగ్గినా మిగతావన్నీ ఆగిపోతాయి. అయితే అది ఒక్కరోజు శిఖరం. ప్రాజెక్టంతా ఆ శిఖరం మీదే నడవదు. ఏ ప్రణాళికకైనా ప్రాణం రోజువారీ సగటే.

పెద్దఎత్తున జరిగే లెవెలింగ్ మరోటుంది. దాన్ని అందరూ చూసే ఉంటారు... ఎన్నికలు! 2024 లోక్‌సభ ఎన్నికలు ఏప్రిల్ 19 నుంచి జూన్ 1 వరకు ఏడు విడతలుగా జరిగాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రజలు మే 13న నాలుగో విడతలో ఓటేశారు. దేశమంతా ఒకేరోజు ఎందుకు పెట్టకూడదన్న ప్రశ్న ఎప్పుడూ వినిపించేదే. దాదాపు పదిన్నర లక్షల పోలింగ్ కేంద్రాలున్న దేశంలో అన్నిచోట్లా ఒకేరోజు కాపలాకు సరిపడా కేంద్ర బలగాలు ఉండవు. ఒక విడత ముగిశాక అవే బలగాలు మరో రాష్ట్రానికి కదులుతాయి. పరిమితమైన వనరును కదలనిచ్చి తేదీలను పరిచేశారన్నమాట.

పల్లెల్లో ఇది తరాల నాటి విద్య. ఊళ్లో అందరికీ ఒకే వారంలో నాట్లు పడాలంటే కూలీలు ఎక్కణ్నుంచి వస్తారు? అందుకే అనుభవమున్న రైతులు నారుమడి పోయడంలోనే నాలుగు రోజులు అటూఇటూ చూసుకుంటారు. ఈ వారం నీ పొలం, వచ్చేవారం నా పొలం అని వంతులేసుకుంటారు. గాంట్ పేరు వాళ్లెప్పుడూ విని ఉండరు. కానీ ఫ్లోట్ అంటే ఏమిటో వాళ్లకు బాగా తెలుసు.

ఎర్రరంగు పోయింది... మనిషో?

మళ్లీ సాఫ్ట్‌వేర్ తెర దగ్గరికి వద్దాం. ఒక ఉద్యోగి పేరు ఎర్రగా కనిపిస్తోంది. అంటే ఆ వారంలో అతనికి నలభై గంటలుంటే అరవై గంటల పని పడిందని. ఇప్పుడేం చేయాలి? తేదీ జరపొచ్చు. పనిలో కొంత వేరేవాళ్లకు ఇవ్వొచ్చు. అక్కర్లేని పని తీసేయొచ్చు.

ఇవేవీ చేయకుండా ఎర్రరంగును పోగొట్టే దారి కూడా ఒకటుంది. అతని సామర్థ్యం అన్న గడిలో నూరు శాతం అని ఉంటుంది. దాన్ని నూట యాభై అని మార్చేస్తే చాలు. ఎర్రరంగు క్షణంలో మాయం! పటం చూడముచ్చటగా ఉంటుంది. గడువు కదలదు. పై సమావేశంలో ఎవరూ ప్రశ్న అడగరు.

ఆ యాభైశాతం ఎక్కణ్నుంచి వచ్చింది? రాత్రి నిద్రలోంచి, ఆదివారంలోంచి, పిల్లల స్కూలు ఫంక్షన్‌లోంచి. సాఫ్ట్‌వేర్‌కు ఆ సంగతి తెలియదు. దానికి మేస్త్రీ, క్రేనూ, ఇంజినీరూ అందరూ 'వనరులే'. అయితే క్రేన్ అలసిపోయిందని తప్పు గీత గీయదు. మనిషి గీస్తాడు.

మొదటి వారం అదనంగా పనిచేస్తే పని ముందుకు సాగుతుంది. అదే అలవాటైతే తప్పులు పెరుగుతాయి, వాటిని దిద్దడానికి మళ్లీ గంటలు కావాలి. ఆరోగ్యం సంగతి సరేసరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం వారానికి 35-40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, అంతకుమించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ. గుండెకు రక్తప్రసరణ తగ్గి వచ్చే జబ్బులతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. ఎక్కువ పనిగంటల వల్ల 2016లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 7,45,000 మంది గుండెజబ్బులు, పక్షవాతాలతో ప్రాణాలు కోల్పోయారని ఆ సంస్థలు అంచనా వేశాయి. రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు అన్న పరిమితిని అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొదటి ఒడంబడికలోనే పెట్టింది. అది 1919 నాటి మాట!

అందుకే ప్రణాళిక నేర్పే పుస్తకాలు ఒక సలహా ఇస్తాయి. ఉద్యోగి రోజంతా ప్రాజెక్టుకే దొరుకుతాడనుకోవద్దు. సమావేశాలు, ఫోన్లు, సెలవులు, పక్కవాడికి చేసే సాయం... ఇవన్నీ పోగా మిగిలిన గంటలతోనే లెక్క వేసుకోవాలి. తెరమీద ఎర్రరంగు కనిపిస్తే దాన్ని చెరిపేయడం కాదు, దాని గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టాలి. ఈ సాఫ్ట్‌వేర్ల అసలు ఉపయోగం కూడా అదే. గడువు తప్పుతుందన్న సంగతిని తప్పడానికి మూడు నెలల ముందే చెప్పగలవు. వినడం, వినకపోవడం మనుషుల చేతుల్లో ఉంది.

ఇంట్లోనూ వేయొచ్చు లెక్క

దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేరేమీ అక్కర్లేదు. ఒక తెల్లకాగితం చాలు. ఇంట్లో పెళ్లో, గృహప్రవేశమో ఉందనుకోండి...

* ముందు పనులన్నీ రాయండి. దేని తర్వాత ఏది చేయాలో గీత కలపండి. మండపం దొరకందే శుభలేఖలు అచ్చు వేయించలేరు కదా!

* ఒక్కో పని పక్కన ఎన్ని రోజులని మాత్రమే కాదు, ఎన్ని గంటలు అన్నదీ రాయండి. 'శుభలేఖలు పంచడం... వారం' అంటే ఏమీ తెలియదు. 'సాయంత్రం రెండు గంటల చొప్పున ఏడు రోజులు' అంటే తెలుస్తుంది.

* ఇప్పుడు రెండో పటం. ఎడమవైపు పనులకు బదులు ఇంట్లోవాళ్ల పేర్లు రాయండి. పైన తేదీలు. ఏ రోజు ఎవరికి ఎన్ని గంటల పని పడిందో నింపండి. ఆఫీసు, వంట, పిల్లల చదువులు లాంటి రోజువారీ పనులు కూడా వదలొద్దు.

* ముహూర్తానికి రెండు రోజుల ముందు పడిన పనుల్లో వారం ముందే చేయగలిగినవేవో చూసి వెనక్కి జరపండి. పసుపు దంచడం జరగొచ్చు, పూలు తేవడం జరగదు.

* ఎవరో ఒకరు లేకపోతే ఆగిపోయే పనికి ఇంకొకరిని ముందే సిద్ధంగా ఉంచండి.

మొదటి పటం అందరూ వేసుకుంటారు. రెండోదే ఎవరూ వేయరు. వేసి చూస్తే చాలా ఇళ్లలో ఒక వరస మాత్రం మొదటిరోజు నుంచి చివరిరోజు వరకూ నూరు శాతం దాటే ఉంటుంది. అది అమ్మ వరస. ఆ ఎర్రరంగును ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదు... ఎందుకంటే పని ఎప్పుడూ ఆగలేదు!